ఓడ దిగని అమ్మలు

అమెరికా నుంచి వచ్చి నెల దాటింది. ఇంకా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మొన్న కూరగాయల బండి దగ్గర పక్కింటి పిన్ని గారు, "ఏటే, మెక్సికో కూడా ఎల్లొచ్చావట!" అన్నారు. వెళ్ళానంటే వెళ్ళాను. కోజుమెల్ అనే చిన్న ద్వీపంలో ఓడ ఆగితే ఆరు గంటలు కింద తిరిగి మళ్ళీ ఓడ ఎక్కేశాను. ఆ ఆరు గంటలకే మెక్సికో చూశానంటే, ఆమదాలవలసలో రైలు ఆగినప్పుడు దిగి టీ తాగినాయన అరసవల్లి చూశానన్నట్టు ఉంటుంది. అందుకని మెక్సికో గురించి రాయను. ఆ ఆరు గంటల గురించి, అవి ఎవరికి దక్కుతున్నాయన్న దాని గురించి రాస్తాను.

నా మాట ముందే చెప్పేస్తున్నాను. పురుళ్ళకని, మనవల్ని చూసుకోవాలని అక్కడికి వెళ్ళిన అమ్మలు, అత్తగార్లు ఓడ రేవులో ఆగినప్పుడు ఓడ దిగాలి. వాళ్ళు దిగేలా పిల్లలు చూడాలి. పిల్లలకు తట్టకపోతే అమ్మలే నోరు తెరిచి అడగాలి. ఇదేమన్నా పెద్ద విషయమా అనుకునేవాళ్ళు ఓపిక చేసుకుని చదవండి.

ఈ ప్రయాణాలు ఎలా ఉంటాయో తెలియని ఇల్లు ఇప్పుడు మన వైపు తక్కువే. పిల్ల నెల తప్పిందని తెలియగానే ఇక్కడ రెండు ఇళ్ళలో క్యాలెండర్లు దిగుతాయి. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మొదటి ఆరు నెలలు పిల్ల తల్లి, తర్వాతి ఆరు నెలలు పిల్లాడి తల్లి. మా వీధిలో దీనికి "షిఫ్టు డ్యూటీ" అని పేరు. మా ఇంట్లో షిఫ్టులు తారుమారయ్యాయి. నా కాగితాల పని ఆలస్యమై పురిటికి నేను అందుకోలేకపోయాను. మా వియ్యపురాలు, విజయనగరం ఆవిడ, ముందు వెళ్ళారు. కాయం, వాము పొడి, పిల్లాడికి పాత చీరల బొంతలు నేనే సర్ది ఆవిడ పెట్టెలో పెట్టి పంపాను. మనవడికి మూడో నెల నడుస్తుండగా సెప్టెంబరులో నేను వెళ్ళి ఆవిడ దగ్గర డ్యూటీ అందుకున్నాను.

హ్యూస్టన్ పక్కన కేటీ అనే ఊరు వాళ్ళది. ఇల్లు బాగుంది, పిల్లలు బాగా చూసుకున్నారు. పనంటే పనే అనుకోండి, పిల్లాడి పనికి వేళాపాళా ఏముంటుంది! ఐదు నెలల్లో నేను చూసిన అమెరికా అంటే కాస్ట్కో, గుడి, పిల్లల డాక్టరు, వెనక పెరట్లో కంచె. ఫిబ్రవరిలో, నేను తిరిగి వచ్చే ముందు, "అమ్మా, నిన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు" అని గాల్వెస్టన్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం పెట్టారు. పసివాళ్ళకి ఆరు నెలలు నిండితే గాని ఓడ ఎక్కనివ్వరు. మావాడికి ఎనిమిది. మనవాళ్ళకి అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఈ రెండు కారణాల వల్ల, హ్యూస్టన్, డల్లాస్ తెలుగువాళ్ళకి అమ్మానాన్నల్ని తిప్పి చూపించడానికి ఇది అచ్చొచ్చిన దారైపోయింది. ఓడలో లిఫ్టు ఎక్కితే తెలుగు వినబడని పూట లేదు.

ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి అంతా నీళ్ళే. మూడో రోజు పొద్దున్న ఓడ కోజుమెల్ రేవుకి ఆనుకుంది. టిఫిన్లు పెట్టే పై అంతస్తుకి వెళ్ళాను. కిటికీల పక్క బల్లల దగ్గర నా ఈడువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు ఐదారుగురు ఆడవాళ్ళు కనిపించారు. చీరల మీద స్వెట్టర్లు, కాళ్ళకి బూట్లు, ప్రతి ఒక్కరి పక్కనా ఒక స్ట్రోలర్. తెనాలి ఆవిడ ఒకరు, కరీంనగర్ ఆవిడ ఒకరు, మిగతావాళ్ళు గుజరాతీలు. కింద రేవు మీద వాళ్ళ పిల్లలు టోపీలు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చూసి చేతులూపి వెళ్ళిపోయారు. "మీరు దిగట్లేదా?" అని అడిగాను. "మాకేముందండీ, బాబు పడుకుంటాడు కదా" అంది తెనాలి ఆవిడ. అప్పటికే తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, హ్యాండ్ బ్యాగు భుజానికి తగిలించుకుని కూర్చుని ఉంది.

ఇక్కడో చిన్న లెక్క చెప్పాలి. మెక్సికో ప్రభుత్వం 2025 జూలై నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళ మీద తలకి 5 డాలర్ల పన్ను పెట్టింది. మొదట 42 డాలర్లు అన్నారు. ఓడల కంపెనీలు గోల పెడితే 5కి దించారు. మెట్లు మెట్లుగా పెంచి 2028కి 21 డాలర్లు చేస్తారట. ఈ పన్ను ఓడ దిగినా దిగకపోయినా కట్టాల్సిందే, టిక్కెట్టులోనే కలిసిపోతుంది. అంటే ఆ కిటికీ పక్కన కూర్చున్న ఐదారుగురి పేరు మీద కూడా మెక్సికోకి డబ్బు ముట్టింది. అద్దంలోంచి చూసినందుకు టిక్కెట్టన్నమాట.

పిల్లల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకి సెలవులు లేవు, నిద్రలు లేవు, పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి నడిచిన రోజులే వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ ఒక్క పూట మొగుడూ పెళ్ళాం ఒంటరిగా తిరగాలనుకోవడం తప్పు కాదు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని సామెత. మన పిల్లలు అంతటి వాళ్ళు కారు, బోడి మల్లయ్యని చెయ్యరు. ప్రేమగా ఓడలోనే ఉంచేస్తారు, అంతే! దానికి వాళ్ళు చెప్పే కారణాలు కూడా ప్రేమగానే ఉంటాయి.

మొదటిది, "అక్కడేముందమ్మా, అన్నీ షాపులే." ఇది సగం నిజం. ఓడ దిగి నడిస్తే దారి నేరుగా దుకాణాల మధ్యకే తీసుకెళ్తుంది. వజ్రాలు, వాచీలు, టెకీలా సీసాలు, టోపీలు. ఆ చిన్న ద్వీపానికి ఏడాదికి నలభై లక్షలకు పైగా ఓడ ప్రయాణికులు వస్తారు. కాబట్టి గేటు లోపలంతా మనలాంటి వాళ్ళ కోసం కట్టిందే. కానీ గేటు దాటి సముద్రం పక్క వీధి పట్టుకుంటే శాన్ మిగెల్ అనే మామూలు ఊరు వస్తుంది. బడి పిల్లలు, చర్చి, పార్కు బెంచీల మీద ముసలాళ్ళు, మందుల షాపు ముందు స్కూటర్లు. అన్నవరం కొండ దగ్గర బొమ్మల దుకాణాలు చూసి ఇదే ఊరనుకుని వెనక్కి తిరిగితే తప్పు ఊరిది కాదు కదా.

రెండోది తిండి. నేను గుడ్డు కూడా ముట్టను. అక్కడ మొక్కజొన్న రొట్టెలుంటాయి, టోర్టియాలంటారు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బి చేస్తారు. దాంట్లో అవకాడో పచ్చడి, ఉల్లిపాయ, నిమ్మకాయ. ఇంతకంటే ఏం కావాలి? ఒక్క జాగ్రత్త. ఉడికించిన బీన్సు ముద్దలో పంది కొవ్వు వేసే అలవాటుంది. వాళ్ళ భాషలో మాంటెకా. "సిన్ మాంటెకా" అంటే కొవ్వు లేకుండా అని. ఈ రెండు మాటలు నేర్చుకుంటే చాలు.

మూడోది ఎండ, నడక, బీపీ. దీని సంగతి తర్వాత చెప్తాను.

అసలు కారణం నాలుగోది. దాన్ని ఎవరూ పైకి అనరు. బాబు దగ్గర ఎవరో ఒకరుండాలి, అమ్మ ఉంది. అమ్మ ఉంది కాబట్టి ఎవరుండాలన్న ప్రశ్నే పుట్టదు. నేను రాస్తున్నది దీని గురించే. ఆవిడ ఉండనంటే బలవంతంగా ఉంచే పిల్లలు ఎక్కడా లేరు. ఉండనని ఆవిడ అనదు, అంటుందని వాళ్ళకి తోచదు.

మా వైపు ఇది కొత్త కాదు. మా పుట్టిల్లు ఉద్దానం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో బారువలో, కళింగపట్నంలో, భీమిలిలో ఆవిరి ఓడలు ఆగేవి. ఓడ లోతు నీళ్ళలో నిలబడేది, ఒడ్డు నుంచి మసూలా పడవల్లో మనుషుల్ని, మూటల్ని అలల మీదుగా తీసుకెళ్ళి ఎక్కించేవారు. మనవాళ్ళు వేలకి వేలు రంగూన్ వెళ్ళారు, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి. వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. మా నాన్నగారి తాత మూడుసార్లు వెళ్ళొచ్చాడట. మా తాతమ్మ మూడుసార్లూ బారువ ఇసకలో నిలబడి పంపించిందట, అంతే. ఆవిడకి ఓడంటే దూరాన ఒక నల్లటి చుక్క. 1942లో జపాను వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు అక్కడివాళ్ళు అడవుల్లో పడి నడుచుకుంటూ వచ్చారు. విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది. ఆ నడక కథలు మా ఇంట్లో ఎన్నో చెప్పుకున్నారు గాని, ఒడ్డున ఉండిపోయినావిడ ఆ ఏళ్ళన్నీ ఎలా గడిపిందో చెప్పినవాళ్ళు లేరు. అప్పట్లో ఆడవాళ్ళు ఓడ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతున్నాం, దిగడం ఒక్కటీ మిగిలింది.

సరే, మా సంగతి. ముందు రోజు రాత్రి గదిలో మా అమ్మాయి పాల డబ్బాలు సర్దుతూ, "అమ్మా, పదింటికోసారి, ఒంటిగంటకోసారి పాలు. మేం రెండింటికల్లా వచ్చేస్తాం" అంది. వాళ్ళిద్దరూ నీళ్ళలో మునిగి పగడపు దిబ్బలు చూడాలని అనుకున్నారు. నేను, "నేను కూడా దిగుతానమ్మా" అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. "ఎండ కదమ్మా, నీకసలే బీపీ" అంది. రోహిణి కార్తెలో శ్రీకాకుళం బజారుకి వెళ్ళొచ్చే మనిషిని నేను, ఇక్కడ ఫిబ్రవరి. ఆ మాటే అన్నాను. మా అల్లుడు ఒక్క నిమిషం ఆగి, "అత్తయ్య గారూ, మీరూ తనూ వెళ్ళి రండి. వీణ్ణి నేను చూసుకుంటాను" అన్నాడు. అడక్కుండా అన్నాడు, మంచి పిల్లాడే. అయినా తండ్రి తన బిడ్డని ఆరు గంటలు చూసుకోవడాన్ని త్యాగం అని మాత్రం నేను రాయను. వాడు ఒకసారి ఏడ్చాడట, రెండుసార్లు పడుకున్నాడట. డైపరు రెండుసార్లు మార్చాడట. ఇంతే జరిగింది.

రేవులో దిగగానే ఒక గమ్మత్తు. గడియారం ఒక గంట ముందుంది. ఆ ద్వీపం ఉన్న రాష్ట్రం 2015లో తన గడియారాన్ని ఒక గంట ముందుకి జరుపుకుంది, ఏడాది పొడుగునా అదే వేళ. టెక్సస్ మాత్రం చలికాలంలో ఒక గంట వెనక్కి పోతుంది. మా ఓడ టెక్సస్ వేళనే పట్టుకుంది. ఓడ దిగేవాళ్ళకి మొదట చెప్పాల్సింది ఇదే. ఓడలో గోడ గడియారం ఎంత చూపిస్తే అంతే మీ చేతి గడియారం చూపించాలి. ఫోను తనంతట తాను ఊరి వేళకి మారిపోతుంది, దాన్ని నమ్మకూడదు.

ఎక్కడికి వెళ్దామంటే, గుడిలాంటిదేమన్నా ఉంటే చూద్దామన్నాను. టాక్సీ మాట్లాడుకుని శాన్ గెర్వాసియో అనే చోటికి వెళ్ళాం. ద్వీపం మధ్యలో అడవి, దాంట్లో మాయా జనం కట్టుకున్న పాత రాతి కట్టడాలు. మన శాలిహుండం కొండ మీద ఇటుక గోడలు చూసినవాళ్ళు ఊహించుకోవచ్చు, అలాగే మొండి గోడలు, మెట్లు, ఒక తోరణం. దారి తెల్లటి సున్నపురాయి. రాళ్ళ మీద ఉడుముల్లాంటివి ఎండ కాగుతున్నాయి, మనుషుల్ని చూసి కదలను కూడా కదలవు.

అక్కడ వెలసిన దేవత పేరు ఇష్‌చెల్. చంద్రుడికి, నేతకి, పిల్లలు పుట్టడానికి, మంత్రసానులకి అధిదేవత. బొమ్మల్లో కొన్నిచోట్ల పడుచుగా, కొన్నిచోట్ల ముసలమ్మగా ఉంటుందట. మాయా ఆడవాళ్ళు బతుకులో ఒక్కసారైనా ఈ ద్వీపానికి రావాలని ఆచారం. ఒడ్డు నుంచి ద్వీపానికి దాదాపు 20 కిలోమీటర్ల సముద్రం. చెట్టు మాను తొలిచిన దోనెల్లో తెడ్లు వేసుకుంటూ దాటేవారు. పిల్లలు కావాలని వచ్చేవాళ్ళు, పురుడు సుఖంగా జరగాలని మొక్కుకునేవాళ్ళు. 1518లో స్పెయిన్ వాళ్ళు దిగారు, మరుసటి ఏడు కోర్తెస్ వచ్చి విగ్రహాలు పగలగొట్టించాడు. తర్వాత మశూచి వచ్చి జనం పోయారు, యాత్ర ఆగిపోయింది. ఈ మధ్య కాలంలో ఆ దోనెల యాత్రని ఏటా మే నెలలో మళ్ళీ చేస్తున్నారు.

అక్కడ ఒక చిన్న గదిలాంటి కట్టడం గోడ మీద ఎర్రటి చేతి ముద్రలున్నాయి. చిన్న చేతులు. దాని పేరే "చిన్ని చేతులు" అని అర్థం వచ్చే మాట. మన ఊళ్ళలో గోడ మీద పసుపు చేతి ముద్రలు వేసినట్టే ఉంది. నేను నా చెయ్యి గాలిలోనే దానికి ఎదురుగా పెట్టి చూసుకున్నాను, తాకనివ్వరు.

మా అమ్మాయి బోర్డు మీద రాసినదంతా నాకు చదివి చెప్పి, పక్కనే చెట్టు నీడలో రాయి మీద కూర్చుంది. కూర్చుని, తన పురుడు సంగతి చెప్పింది. ఐదు నెలలు ఒకే కప్పు కింద ఉన్నాం మేము. ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. ఎలా వస్తుంది? ఒకరు పిల్లాడిని ఎత్తుకుంటే ఇంకొకరు కుక్కరు దగ్గర. రాత్రయితే దానికి ఆఫీసు ఫోన్లు. నాకు తెలిసిందల్లా ఆ రోజు ఫోనులో విన్న "అంతా బాగానే ఉందమ్మా, బాబు" అన్న మాటే. పంతొమ్మిది గంటలు నొప్పులు పడిందట. చివరికి ఆపరేషన్ చేశారు. ఆ మధ్యలో ఒక గంట, పిల్లాడి గుండె చప్పుడు తగ్గుతోందని నర్సులు పరుగెత్తుతుంటే, అత్తగారు కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రాస్తూనే ఉన్నారట. "చలికి వణుకుతున్నానమ్మా. ఆవిడ తన శాలువా తీసి కప్పేశారు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను, నువ్వు అక్కడ ఒక్కదానివే ఉండి భయపడతావని." అంత పొడుగు మాట అది నాతో పెళ్ళయ్యాక మాట్లాడలేదు. మా వదిన గారు కూడా, నేను వెళ్ళిన రోజు నాకు పిల్లాడి నిద్ర వేళలు, డబ్బాల లెక్కలు అన్నీ అప్పగించారు గాని ఇది చెప్పలేదు. చెప్పొద్దని కోడలు అన్న మాట నిలబెట్టుకున్నారు.

మేము అక్కడ గంటన్నర కూర్చున్నాం. చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని బాణం గుర్తులు చెప్తున్నాయి. వెళ్ళలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీ నడిపే పెద్దాయన దారి పక్క చెట్లు చూపించి ఏదో చెప్పాడు. మా అమ్మాయికి వచ్చిన కాస్త స్పానిష్‌తో అర్థమైంది, 2005లో విల్మా అనే తుఫాను గురించి. అది ద్వీపం మీదికి వచ్చి కదలకుండా కూర్చుంది, ఓడ రేవులు విరిగిపోయాయి. ఆయన చేత్తో చెట్లు పడిపోవడం చూపిస్తుంటే నాకు తెలుగులోనే అర్థమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు అలాగే పడ్డాయి. మా అన్నయ్య తోటలో పడినవి పడగా మిగిలినవి మళ్ళీ కాయడానికి ఏళ్ళు పట్టింది. "మాకూ" అని చెయ్యి నా గుండెల మీద పెట్టుకుని చెప్పాను. ఆయన తల ఊపాడు.

ఊళ్ళో కూడలి దగ్గర ఒక చిన్న దుకాణంలో గాజు జాడీల్లో రంగురంగుల నీళ్ళు పెట్టారు. ఎర్రటిది తీసుకున్నాం. నోట్లో పోసుకోగానే తెలిసిన పులుపు. మా అమ్మాయి ఫోనులో చూసి నవ్వడం మొదలుపెట్టింది. అది గోంగూర! ఎర్ర గోంగూర చెట్టుకి పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రటి తొడుగులుంటాయి చూడండి, మనం పచ్చడి చేసుకుంటాం, వాటిని ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పేరు ఆగ్వా దె హమైకా. పక్క జాడీలో చింతపండు నీళ్ళు. చింత మన వైపు నుంచి అటు వెళ్ళింది. మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, సపోటా అటు నుంచి మనకొచ్చాయి. సపోటా చెట్టు పాలతోనే వాళ్ళు మొదట చూయింగ్ గమ్ చేశారు. మిరపకాయ లేని తెలుగు వంట ఎలా ఉండేదో, మిరియాలతోనే సరిపెట్టుకున్న మన పెద్దలకే తెలియాలి. ఐదు నెలల్లో అమెరికాలో దొరకని ఆ పులుపు కోసం ఇంకో గ్లాసు తాగాను, మా అమ్మాయి చక్కెర లెక్క చెప్తున్నా సరే.

ఓడ గడియారం ప్రకారం మూడు గంటలకి తిరిగి ఎక్కేశాం.

ఇదంతా చదివి, "మాకు దిగాలని లేదండీ" అనేవాళ్ళుంటారు. ఓడలో నాకు పరిచయమైన కరీంనగర్ ఆవిడే అన్నారు, అందరూ దిగిపోతే ఓడ ఎంత హాయిగా ఉంటుందో అని. ఈత కొలను దగ్గర కుర్చీలన్నీ ఖాళీ, పిలిచేవాళ్ళు లేరు, సముద్రం చూస్తూ పడుకోవచ్చు. నిజమే, ఆ హాయి కూడా ఆవిడకి దక్కాలి. అయితే పక్కన స్ట్రోలర్ లేకుండా దక్కాలి. పదింటి పాలు, ఒంటిగంట పాలు గడియారంలో పెట్టుకుని సముద్రం చూస్తే, అది కేటీలో వెనక పెరడు చూడటం లాంటిదే. మోకాళ్ళు నిజంగా రాకపోతే సరే. ముందు ఆవిడని అడిగి, ఆవిడ వద్దంటే సరే. అడక్కుండా మోకాళ్ళ మీద పెట్టేయడం వేరు.

పిల్లలకి చెప్పేది ఒకటే. ఓడ టిక్కెట్టు కొన్నప్పుడే మాట్లాడుకోండి, ఏ రేవులో ఎవరు దిగుతారు, ఎవరు ఉంటారు అని. ఒకే రేవు ఉంటే పూటని రెండుగా చేసుకోండి, పొద్దున్న ఒకరు, మధ్యాహ్నం ఒకరు. కొన్ని ఓడల్లో పసిపిల్లల్ని చూసుకునే గది కూడా ఉంటుంది, కొంచెం డబ్బు తీసుకుంటారు. పగడపు దిబ్బలు ఎక్కడికీ పోవు. పోతాయనే భయం ఆ ఊరివాళ్ళకి ఉందనుకోండి, ఇంకో రేవు కడతామంటే దిబ్బలు పాడవుతాయని గొడవ చేస్తున్నారు, అది వేరే సంగతి. మీకు మళ్ళీ సెలవు దొరుకుతుంది. అమ్మ మళ్ళీ ఆ రేవుకి రావడం కష్టం.

మా వారికి ఫోనులో గోంగూర నీళ్ళ గురించి చెప్తే, "దానికోసం అంత దూరం వెళ్ళాలా, పెరట్లో ఉంది కదా" అన్నారు. ఆయన వరస ఆయనది.

మా వదిన గారు నవంబరులో మళ్ళీ వెళ్తున్నారు. మనవడు ఇప్పుడు డేకేర్‌లో ఉన్నాడు గాని చలికాలం జలుబులు మొదలైతే ఇంట్లో మనిషి కావాలి. పిల్లలు ఈసారి ఆవిడని ఓడ ఎక్కిస్తామంటున్నారు. మొన్న విజయనగరం వెళ్ళినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి సంగతి నాకు తెలిసిందని చెప్పలేదు, ఒక శాలువా మాత్రం ఇచ్చి వచ్చాను. "ఇదెందుకు వదిన గారూ?" అన్నారు. ఓడ మీద గాలి చల్లగా ఉంటుందన్నాను. ఆవిడకి నిజంగానే మోకాళ్ళు నొప్పి, శాన్ గెర్వాసియోలో నడక ఎక్కువ, అంత దూరం పడలేరు. అందుకని ఊరి కూడలి వరకే టాక్సీలో వెళ్ళమని, చర్చికి దగ్గరలో నీడ ఉన్న బెంచీలుంటాయని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడకి షుగరు కూడా ఉంది. అందుకే ఆ కాగితం కింద పెద్దక్షరాలతో "పోకా అసూకర్" అని కూడా రాశాను. చక్కెర తక్కువ వెయ్యమని.